పైసా వసూల్

లీడరన్న ఓడెక్కబోతున్నాడన్న కబురు సాస్తి కాలనీలో దసరా బోనస్ కబురంత వేగంగా పాకింది. బొగ్గు బావుల ఊళ్లో రిటైరైనవాళ్లు మామూలుగా సొంతూళ్లో ఇల్లు కడతారు, బిడ్డ పెళ్లి చేస్తారు, ఓపిక మిగిలితే కాశీకి పోతారు. ఈయన 2024లో రిటైరై, ఆ ఏడు చలి ముదరకముందే సింగపూర్‌లో ఎక్కి పినాంగ్, ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్‌లోనే దిగే నాలుగు రాత్రుల క్రూయిజ్ బుక్ చేయించాడు.

బోనస్‌తో పోల్చింది ఊరికే కాదు. లీడరన్న అంటేనే బోనస్. ఏటా దసరాకు ముందు కోల్ ఇండియా పెద్దలూ, యూనియన్ల పెద్దలూ కూర్చుని అంకె తేలుస్తారు. 2022లో 76,500 రూపాయలు, మరుసటేడు 85,000, ఆపైన 93,750. ఆ గదిలో ఈయనకు కుర్చీ ఉండేది కాదు. కానీ అంకె తేలిన మర్నాడు పొద్దున్నే ఫస్ట్ షిఫ్టు వేళకు గని గేటు ముందు మైకు పట్టుకునేది ఈయనే. పర్మినెంటు కామ్‌గార్ ఖాతాలో పైసలు పడేసరికి, అవి ఈయన జేబులోంచే తీసి ఇచ్చినట్టుండేది ఊరందరికీ.

మరాఠీ బోర్డుల కింద తెలుగులో ఉపన్యాసం ఏమిటని ఎవరైనా కొత్త ఆఫీసరు అడిగితే ఆయనకు కోపం వచ్చేది. 1956 దాకా మా రాజురా తాలూకా హైదరాబాద్ స్టేట్‌లో, ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నదే. "మేం వలస రాలె సాబ్, గీతనే జరిగింది" అనేవాడు. సాస్తిలో చాయ్ హోటల్ నుంచి బళ్ల షెడ్డు దాకా తెలుగు తెలియని చెవి దొరకడం కష్టం. అందుకే ఇక్కడ ఏ రహస్యమైనా తలుపేసుకుని మాట్లాడాల్సిందే. సముద్రం మీద ఆ బాధ ఉండదని ఆయన ధీమా.

కూతురు హైదరాబాదు నుంచి టికెట్లు పంపితే, ఈయన వాటితో పాటు షరతుల కాగితాలన్నీ ప్రింటు తీయించి తెప్పించుకున్నాడు. వేజ్ అగ్రిమెంటు చదివినట్టు ఎర్ర పెన్నుతో గీతలు కొడుతూ చదివాడు. ఎక్కేలోపే ఓడ కంపెనీ లాభం ఎక్కడుందో పట్టేశాడు. టికెట్ చవక, దాని చుట్టూ ఉన్నదంతా పిరం. ఓడలో నోట్లు చెల్లవు, అన్నిటికీ ఒక్క కార్డే. గది తలుపూ అదే, జేబూ అదే. గీకినప్పుడు నొప్పి తెలీదు, ఆఖరి రాత్రి బిల్లు చూస్తే తెలుస్తుంది. కాబట్టి రోజూ పడుకునే ముందు టీవీలో ఖాతా చూసుకోవాలి, లెక్కలో లేనిది కనిపిస్తే ఆ రోజే అడగాలి. ఈ మాట ఆయన మా అందరికీ చాయ్ హోటల్లో పాఠంలా చెప్పాడు. నిజంగానే పనికొచ్చే మాట.

గది విషయంలో ఆయన ఎంపిక చూసి కూతురు గొడవ పెట్టింది. బాల్కనీ ఉన్న గది కాదు, కిటికీ కూడా లేని లోపలి గది, అన్నిటికంటే చవకది. "ముప్పై ఏండ్లు భూమి కింద జేసిన. కిటికీ ఉంటె నాకు నిద్రవట్టదు బిడ్డా. సముద్రం చూడాలంటె పైకి పోతె ఫుకట్లనే కనవడ్తది గదా" అన్నాడు. కాదనడానికేం లేదు. గదిలో ఉండేది పడుకున్నంతసేపే.

తిండి దగ్గర ఆయన ప్రతిభ పూర్తిగా బయటపడింది. ఓడెక్కిన మధ్యాహ్నం జనమంతా పై అంతస్తు బఫే మీద పడితే, ఈయన భార్యను, అదే మా వదినను, వెంటబెట్టుకుని నేరుగా కింది పెద్ద డైనింగ్ హాలుకు నడిచాడు. అక్కడ కూర్చోబెట్టి వడ్డిస్తారు, అదీ టికెట్లోనే. అక్కడ ఒక్కొక్కరు ఒక్కో వంటకమే చెప్పాలన్న రూలు లేదని చాలామందికి తెలీదట. రెండు స్టార్టర్లు, రెండు మెయిన్లు, ఇంకా కావాలంటే ఇంకోటి. ఈయన మొదటి రాత్రే మెనూలో ఎడమ పక్కంతా తెప్పించాడు. పక్క బల్ల మీద ఢిల్లీ కుటుంబం ఏభై డాలర్లు పోసి ప్రత్యేక రెస్టారెంట్లో తినొచ్చి, అక్కడి చేపా ఇక్కడి చేపా ఒకటేనని వాపోతుంటే ఆయన మొహం వెలిగిపోయిందని వదిన చెప్పింది. సింగపూర్ ఓడల్లో మనవాళ్లు ఎక్కువ కాబట్టి బఫేలో పప్పూ అన్నం ఎలాగూ ఉంటాయి. నీళ్లు, మామూలు టీ, కాఫీ ఉచితం. సీసా నీళ్లూ, మెషీన్ కాఫీ డబ్బులకు. గదికి తిండి తెప్పించుకుంటే చార్జీ.

ఇక మందు. లీడరన్నకు రాత్రి రెండు పెగ్గుల అలవాటు. 2015 ఏప్రిల్ నుంచి 2021 దాకా చంద్రపూర్ జిల్లా అంతా మద్యనిషేధం ఉన్నప్పుడు కూడా ఆ అలవాటుకు లోటు రాలేదు, దాని రవాణా మార్గాలు వేరే కథ. ఓడలో రోజంతా ఎంతైనా తాగమని ప్యాకేజీ అమ్ముతారు. అందులో చిన్న అక్షరాల మెలిక ఒకటుంది. గదిలో ఒకరు కొంటే రెండో పెద్దమనిషి కూడా కొనాలి. వదిన గుక్క కూడా తాగదు. పైగా ఏ గ్లాసు మీదైనా పద్దెనిమిది శాతం సర్వీసు. ఆయన వేళ్ల మీద లెక్క వేశాడు. ప్యాకేజీ గిట్టాలంటే పొద్దున లేచింది మొదలు గంటగంటకూ తాగాలి. వద్దన్నాడు. నాలుగు రాత్రులూ ఒక్కో పెగ్గుతో సరిపెట్టుకుని, మిగిలిన దాహానికి నిమ్మరసం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వైఫై కొనలేదు, కానీ ఫోన్‌ను విమానం మోడ్‌లో పెట్టడం మర్చిపోలేదు. నడి సముద్రంలో ఓడ సిగ్నల్ పట్టుకుంటే ఒక్క కాల్‌కే బోనస్ హరించుకుపోతుంది. ఓడవాళ్లు తీసే ఫోటోలకు నవ్వాడు, కొనలేదు. పినాంగ్‌లో రేవు జార్జ్‌టౌన్ నడిబొడ్డునే ఉంది. ఓడవాళ్ల బస్సు టూరు వదిలేసి లిటిల్ ఇండియాకు నడిచిపోయి ఇడ్లీ తిని వచ్చారు. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఓడ ఆగదు కాబట్టి చెప్పిన వేళకు చాలా ముందే తిరిగొచ్చారు. వదిన కాళ్లకు మాలిష్ చేయించాలనుకుంటే స్పా ధర ఓడ రేవులో ఆగిన రోజున తగ్గుతుందని ఆగి, ఫుకెట్ రోజున చేయించాడు. భార్య మీద ఖర్చు పెట్టిందీ అదొక్కటే, దాన్నీ తగ్గింపులోనే పెట్టాడని నేనంటే వదిన నవ్వింది.

గది చూసే కుర్రాడి గురించి చెప్పాలి. చొక్కా మీద పేరుబిళ్ల, పేరు కింద ఇండియా అని. పొద్దునా సాయంత్రం వచ్చి సర్దిపోయేవాడు. తుండుగుడ్డలతో ఏనుగునూ, కోతినీ చేసి మంచం మీద కూర్చోబెట్టేవాడు. మాట్లాడితే ఇంగ్లీషు, లేకపోతే పొడిపొడిగా హిందీ. మొదటి రోజు వదిన మంచం మీద వాలి "గీ ఏసీ ఎముకలు కొరుకుతున్నది" అంది లీడరన్నతో. సాయంత్రానికి ఇంకో దుప్పటి వచ్చింది. మర్నాడు "మోకాళ్ల కింద వెట్టుకోను ఇంకో మెత్త ఉంటె మంచిగుండు" అంది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి రెండు దిండ్లు. "గింత పెరుగు దొరికితె కడుపు సల్లవడు" అన్న రాత్రి గడిచాక చిన్న ఫ్రిజ్‌లో రెండు పెరుగు కప్పులు. వదిన ఆశ్చర్యపోయింది.

"ట్రెయినింగ్ గది. మొఖం జూసి పసిగడ్తరు" అన్నాడు లీడరన్న. "అంత టిప్పు కోసమే."

టిప్పు సంగతికి ఆయన అప్పటికే మందు పెట్టి ఉంచాడు. రోజుకు తలకు 18.50 డాలర్ల చొప్పున ఖాతాలో గ్రాట్యుటీ పడుతోంది. నాలుగు రాత్రులకు ఇద్దరికీ 148 డాలర్లు, మన లెక్కలో పన్నెండు వేల పైచిలుకు. "గ్రాట్యుటీ అంటె ముప్పై ఏండ్లు జేస్తె వచ్చేది. నాలుగొద్దులకు గ్రాట్యుటీ ఏంది?" అని మొదట మండిపడ్డాడు. తర్వాత షరతుల కాగితంలో ఎర్ర గీత కింద దొరికింది: ఓడ దిగేలోపు కౌంటర్‌కు వెళ్లి అడిగితే తీసేస్తారు.

మూడో రోజు కుర్రాడు స్నానాల గదిలో తువ్వాళ్లు మారుస్తుంటే వీళ్లు మంచం మీద కూర్చుని ఈ ముచ్చటే పెట్టుకున్నారు.

"పాపం, పోరడు మంచిగ జేస్తున్నడు. ఉండనీ" అంది వదిన.

"మంచిగ జేస్తె వాని మాలక్ ఇయ్యాలె. నేను వాని మాలక్‌నా? అడిగెటోడు వోయి గాయన్నే అడగాలె."

"జర మెల్లగ."

"వానికేం సమజైతది? మంచిగ గట్టిగనే మాట్లాడు."

కుర్రాడు తువ్వాళ్లు సర్ది, గుడ్ డే చెప్పి, తలుపు చప్పుడు కాకుండా వేసుకుని పోయాడు.

ఆఖరి రాత్రి కౌంటర్‌లో అమ్మాయి, సేవలో ఏమైనా లోపం జరిగిందా అని అడిగిందట. లోపమేం లేదు, ఫస్ట్ క్లాస్ అన్నాడు ఈయన. లోపం కాదు, సిద్ధాంతం అన్నాడు. బోనస్ యజమాని ఇవ్వాల్సింది, గిరాకీ కాదు. తాను జన్మంతా కామ్‌గార్ల తరఫున ఇదే కొట్లాడానన్నాడు. ఆ అమ్మాయి వాదించకుండా మీటలు నొక్కి 148 డాలర్లు తీసేసింది. నన్నడిగితే ఆ వాదనలో తప్పు పట్టడం అంత తేలిక కాదు. బహామాస్‌లోనో పనామాలోనో రిజిస్టర్ చేయించిన ఓడల్లో పనివాళ్లకు ఒప్పుకున్న జీతం తక్కువ. ప్రయాణికుల నుంచి రోజుకింత అని వసూలు చేసిన ఈ పైసలే గది కుర్రాడికీ, వడ్డించే వాడికీ, కంటికి కనపడని వంటింటి వాడికీ పంచుతారు. కంపెనీ తన జీతాల బరువు కొంత గిరాకీ నెత్తిన పెట్టిందనే అనాలి. ఆ బరువు దింపేసినవాడి సిద్ధాంతం గట్టిదే. కాకపోతే అది దిగేది కంపెనీ నెత్తి మీద కాదు.

లీడరన్న ఓడ కబుర్లు చెప్పేటప్పుడు ఆ కౌంటర్‌తో ఆపేస్తాడు. పైసా వసూల్ అని తొడ చరుస్తాడు. ఆ తర్వాతి పొద్దు గురించి చెప్పింది వదిన.

సామాన్లు ముందు రాత్రే బయట పెట్టేశారు. చేతిసంచిలో వదిన ఇంటి నుంచి తెచ్చిన సకినాల పొట్లం సగం మిగిలింది. గలియారాలో కుర్రాడు ఎదురుపడితే ఆమెకు మనసాగక పొట్లం వాడి చేతిలో పెట్టి, తినేదని సైగ చేసింది. లీడరన్న చెయ్యి కలిపి, వెరీ గుడ్ సర్వీస్ అన్నాడు.

కుర్రాడు పొట్లం వాసన చూశాడు. "సకినాలు గదా అమ్మా. నువ్వులు మంచిగ వేసిన్రు."

లీడరన్న చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"తెలుగోనివా? ఏ ఊరు బిడ్డా?"

"సాస్తే సార్. మిమ్ముల ఎక్కిన దినమే గుర్తువట్టిన. గేటు కాడ ఫ్లెక్సీల జూసుకుంట పెరిగినోన్ని."

"మరి ముందుగాల జెప్పొద్దా బిడ్డా! నేను రాత్రి కౌంటర్ కాడ... ఉండు, మల్ల వోయి జెప్పొస్త. మనోనివని తెల్వక..."

"ఉండనీయుండ్రి సార్, గిది మాకు అలవాటే. మా బాపు సాస్తి ఓపెన్‌కాస్టుల ఠేకేదారు కింద పన్నెండేండ్లు డంపర్ నడిపిండు. మాగ్గూడ దసరా బోనస్ ఇప్పియ్యుండ్రని గేటు కాడ మిమ్ములడిగితె, మీరు గిదే మాట జెప్పిన్రట. 'మీ మాలక్ వేరు, వోయి గాయన్నే అడుగుండ్రి' అని."