పోనంటున్న బొజ్జయ్య

హైదరాబాద్‌లోని ధూల్‌పేట్‌కి వినాయకుణ్ణి కొనడానికి వెళ్లేవాళ్లవి మూడే కోరికలు: తేలిగ్గా ఉండాలి, తళతళలాడాలి, చవగ్గా రావాలి. మూడూ ఒక్కదాంట్లో దొరికేది ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లోనే. పాపం, అక్కడి కళాకారులు మన ముచ్చట తీర్చారు. నిమజ్జనం మర్నాడు మనం టీవీ ముందు కూర్చుని, హుస్సేన్ సాగర్‌లో తేలుతున్న తొండాలూ చేతులూ చూసి, "ఈ బొమ్మలు చేసేవాళ్లకు బుద్ధి లేదు" అని తేల్చేస్తాం.

మా ఆవిడ బేరం వినండి. అక్కడి జాలి హనుమాన్ దగ్గర, టార్పాలిన్ కింద.

"అన్నా, మట్టిది లేదా?"

"ఎందుకు లేదక్కా, గా మూలకున్నది."

మూలనున్న స్వామిని చూడగానే ఆవిడ మొహం చిన్నబోయింది. "ఇదేంటి, రంగే లేదు!"

"రంగేస్తే ఇంక మట్టిది ఎందుకక్కా?"

"కిరీటానికి కాస్త గోల్డు..."

"కిరీటానికేస్తే తొండమేం పాపం జేసింది?"

అతనిదే న్యాయం. కానీ న్యాయం పక్కనున్నవాడికి ఆ సీజన్లో అమ్మకాలు ఉండవు.

ఈ ప్లాస్టర్ సంగతి విచిత్రం. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల దగ్గర కాలిస్తే, అందులో కలిసున్న నీటిలో ముప్పావు వంతు పోయి పొడి అవుతుంది. మళ్లీ నీళ్లు పోస్తే పోయినదంతా తాగేసి, వేడెక్కి, తిరిగి రాయైపోతుంది. అలా నీళ్లు పోసి బిగించినదాన్ని నీళ్లలో వేసి కరిగించాలన్నది మన పథకం. జిప్సం లీటరు నీటిలో కరిగేది రెండున్నర గ్రాములే. ఐదు కిలోల స్వామి పూర్తిగా కరగాలంటే రెండు వేల లీటర్లు కావాలి, దానికి తోడు కలుపుతూ కూర్చునే ఓపికా కావాలి. వచ్చే ఏడాది త్వరగా రమ్మని డప్పులు కొట్టి మరీ కేకలేస్తాం. ఆయన వెళ్తే కదా రావడానికి! చవక రంగుల్లోని సీసం, క్రోమియం లాంటివి మాత్రం బుద్ధిగా నీళ్లలోకి దిగి బురదలో కాపురం పెడతాయి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో పీఓపీ, అంటే ఈ ప్లాస్టర్, వద్దంది. 2021 సెప్టెంబరులో హైకోర్టు హుస్సేన్ సాగర్‌లో ఆ విగ్రహాలు వేయడానికి వీల్లేదంది. వారం గడిచేసరికి సుప్రీంకోర్టు ఈ ఒక్కసారికి కానివ్వమంది. "ఈ ఒక్కసారికి" అన్న మాటకు మన దగ్గరున్న ఆయుష్షు మార్కండేయుడికి కూడా లేదు. అయినా 1954లో ఒక్క అడుగుతో మొదలైన ఖైరతాబాద్ గణపతి 2022లో 50 అడుగుల మట్టి విగ్రహంగా కొలువుతీరాడు. మా టీపాయ్ మీది అడుగు స్వామికి మాత్రం మట్టి నిలవదని మా ఆవిడ వాదన.

బొమ్మల రంగునీళ్లు మోసే ధూల్‌పేట్ మోరీలు ఇంతకన్నా ఘనమైనవే చూశాయి. అక్కడ గుడుంబా, అంటే నాటుసారా, కాచిన రోజుల్లో ఎక్సైజ్ వాళ్లు దాడిచేసి, పులిసిన బెల్లం పానకాన్ని డ్రమ్ములకు డ్రమ్ములు పారబోసేవాళ్లు. మర్నాడు పేపర్లో "ధ్వంసం" అని వచ్చేది. పానకం మాత్రం మోరీ పట్టుకుని మూసీ దారిన పోయేది. ఆ తీపి మీద పడి పెరిగే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువంతా లాగేసుకుంటాయి. తాగినవాడి సంగతి సరే, చుక్క ముట్టని చేప కూడా గుడుంబాకే పోయిందన్నమాట.

గుడుంబాలో నల్లబెల్లంతోపాటు నవసారం వేసేవారు, అంటే అమ్మోనియం క్లోరైడు. దాని దాయాది అమ్మోనియం బైకార్బొనేట్, బేకరీల్లో బిస్కెట్లు పొంగడానికి వేసేది, ఇప్పుడు దేవుడి పనిలో పడింది. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల చెప్పిన పద్ధతి ఇది: ఆ పొడి కలిపిన బకెట్ నీళ్లలో చిన్న పీఓపీ విగ్రహాన్ని ఉంచితే బుసబుసమని పొంగుతూ రెండు మూడు రోజుల్లో విడిపోతుంది. అడుగున సుద్ద, పైన అమ్మోనియం సల్ఫేటు నీళ్లు, అంటే ఎరువు. పుణె నగరపాలక సంస్థ ఆ పొడిని జనానికి పంచింది కూడా. అమ్మోనియా ఘాటుకు ముక్కు మూసుకోవాలి, అది వేరే సంగతి. రంగులు గీకేయకుండా ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తే మాత్రం చారులో క్రోమియం తాలింపు పడుతుంది.

రంగులేసేవాళ్లకు ఇంకా తేలిక. బ్రష్షులు కడిగిన నీళ్లు మోరీలో పోయకుండా డబ్బాలో నిలబెడితే రంగు అడుక్కి దిగుతుంది. పైనీళ్లు మళ్లీ కడగడానికే పనికొస్తాయి. డబ్బు మిగిలే పని కాబట్టి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

ఉపన్యాసం కావలసింది మా కాలనీకి. మొన్న మీటింగులో మట్టి వినాయకుడే పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పక్క కాలనీ వాళ్లదీ మట్టిదేనని తెలిసింది కనుక, మనది దానికన్నా రెండడుగులు ఎత్తుండాలని మరో తీర్మానం.

"మరి రంగుల ఖర్చు మిగులుతుంది కదండీ?" అన్నారు కోశాధికారి గారు ఆశగా.

"దాంతో ఇంకో డీజే పెడదాం అంకుల్!" అని వెనక వరుస నుంచి వినబడింది.

అదీ ఏకగ్రీవమే. నీళ్ల సంగతి తేలింది. చెవుల సంగతి వచ్చే ఏడాది మీటింగులో చూస్తారట.