బొమ్మ పడిందా?

ప్రతి కాలనీకీ ఒక ఫార్మాట్ బాబాయి ఉంటాడు. ఉద్యోగం ఎక్కడైనా కావచ్చు. మా కాలనీ ఆయనది కరెంటాఫీసు. ఆయన హవా చూడాలంటే మాత్రం 2005 ప్రాంతానికి వెళ్లాలి. ఇంటింటికీ డీవీడీ ప్లేయరు వచ్చేసింది, వీడియోలేమో కంప్యూటర్లో ఇరుక్కుని ఉన్నాయి. ఈ రెంటి మధ్యా రాయబారం నడపగలిగినవాడు ఆయనొక్కడే. ఆదివారం టిఫినయ్యాక జేబులో చిన్న స్క్రూడ్రైవరు, చంకలో సీడీల పౌచీతో బయల్దేరతాడు. ఎవరూ పిలవక్కర్లేదు. ఫలానావాళ్ల ప్లేయరు "నో డిస్క్" అంటోందని చెవిన పడితే చాలు, ఇంట్లో కూర్చోలేడు.

డిస్కు మనలా వేలిముద్రలు పడేలా పట్టుకోడు. మధ్య కన్నంలో చూపుడువేలు దూర్చి, అంచుని బొటనవేలికి ఆనించి, కిటికీ వెలుతురుకి ఏటవాలుగా తిప్పుతాడు. రాసిన మేరకు రంగు కాస్త తేడాగా ఉంటుంది కదా, అది చూసి "సుమారు ఆరొందల ఎంబీ" అని తేలుస్తాడు. హా అని ఆవిరి ఊది, బనీను అంచుతో మధ్యనుంచి బయటికి తుడుస్తాడు. మీరు గుండ్రంగా తుడిచారో, అయిపోయారే: "ట్రాకు వెంబడి గీత పడితే ప్లేయరుకి దిక్కెవరండీ!" ఆ మాట నిజమే. టూత్‌పేస్టు రాస్తే గీతలు మాయమవుతాయనే రెండో మాటకి మాత్రం నేను పూచీ పడను.

"కంప్యూటర్లో వస్తోంది కదా, ఇందులో ఎందుకు రాదు?" అని ఆయన్ని పొరపాటున కూడా అడక్కూడదు. జవాబు అరగంట. "ఏవీఐ అంటే క్యారియరు గిన్నె అమ్మా. లోపల పులిహోర ఉందో పప్పుచారు ఉందో మూత చెప్పదు. మీ ప్లేయరుకి ఎంపెగ్-1 తెలుసు, అది వీసీడీ. ఎంపెగ్-2 తెలుసు, అది డీవీడీ. ఇందులో ఉన్నది డివ్‌ఎక్స్, అంటే ఎంపెగ్-4. ఆ రుచి దీనికి తెలీదు." చక్కగా చెప్పాడు. అక్కడ ఆపితే ఆయన ఫార్మాట్ బాబాయి ఎందుకవుతాడు? 700 ఎంబీ సీడీలో వీసీడీగా రాస్తే 80 నిమిషాలే పడుతుందనీ, అందుకే మన సినిమాకి రెండు సీడీలనీ, అదే డివ్‌ఎక్స్ అయితే మొత్తం ఒక్కదాంట్లో సర్దేయొచ్చనీ చెబుతుండగా రెండో కాఫీ వస్తుంది.

ఇంత తెలిసిన మనిషి ఒక్క సినిమా కూడా పూర్తిగా చూసి ఎరగడు. మొదట్లో పది సెకన్లు, ఫార్వర్డు కొట్టి మధ్యలో పది, చివర్లో పది. స్ట్రక్ అవలేదా, లేచిపోతాడు. "ఎలా ఉంది బాబాయ్ సినిమా?" అంటే "బిట్‌రేటు బ్రహ్మాండం!" అంటాడు.

రెండో వీధి మామ్మగారికి అమెరికానుంచి కొడుకు మనవడి మొదటి పుట్టినరోజు వీడియో సీడీలో పంపాడు. ప్లేయరు తీసుకోలేదు. బాబాయి తీసుకున్నాడు. ఆ రోజుల్లో కన్వర్షన్ అంటే రాత్రంతా జాగారం. మానిటరుకి "ముట్టుకోవద్దు, స్విచ్ అసలే వద్దు" అని కాగితం అంటించాడు. మిక్సీ వెయ్యాలన్నా ఇల్లాలు ఆయన్ని అడగాల్సిందే. 92 శాతం దగ్గర కరెంటు పోయింది. తనదే ఆ ఆఫీసు కాబట్టి ఎవర్ని తిట్టాలో కూడా తెలీలేదు, పాపం.

మరుసటి ఆదివారం డిస్కు సిద్ధం. పసుపుది వీడియో, ఎరుపూ తెలుపూ ఆడియో అని గొణుక్కుంటూ టీవీ వెనక సగం దూరి, "బొమ్మ పడిందా?" అని కేకేశాడు. పడింది. నలుపు తెలుపుల్లో, పైకి దొర్లుకుంటూ.

"అదేంటి నాయనా, అమెరికాలో ఇంకా రంగుల కెమెరాలు రాలేదా?" అంది మామ్మగారు.

"కాదు మామ్మగారూ, వాళ్లది ఎన్‌టీఎస్‌సీ, మన టీవీది పాల్. మనకి సెకనుకి 25 బొమ్మలు, వాళ్లకి 30." ఒక్క క్షణం ఆగాడు. మనసొప్పలేదు. "30 కూడా కాదు, 29.97."

రిమోట్‌లో ఏదో మీట నొక్కాడు. దొర్లడం ఆగింది, రంగులొచ్చాయి. మామ్మగారు కుర్చీ ముందుకి జరుపుకుని కళ్లజోడు పెట్టుకుంది. వంటింట్లోంచి కోడలు, పక్కింటివాళ్లు, అంతా చేరారు. పిల్లాడి బదులు వాళ్ల నాన్నే కొవ్వొత్తి ఊదేశాడు. చప్పట్లు మోగాయి, తెరమీద చేతులు ఇంకా కలవనే లేదు. ఇది బాబాయి ఒక్కడికే కనపడింది. తల్లి పిల్లాడి చేతికి కత్తి అందించి కేకు మీద ఆనించింది.

"అర సెకను తేడా వస్తోంది," అంటూ బాబాయి ఎజెక్ట్ నొక్కేశాడు.

"అయ్యో, ఆ కేకు కొయ్యనీ నాయనా!"

"వచ్చే ఆదివారం కోయిద్దాం మామ్మగారూ."