చర్మ క్యాన్సర్‌ను పెంచి పోషించుకునే పద్ధతులు

చర్మం మీద వచ్చే క్యాన్సర్‌తో ఒక చిక్కుంది. అది కంటికి కనిపిస్తూనే ఉంటుంది. తొందరపడి డాక్టరుకు చూపిస్తే చిన్న కోతతో తీసిపారేస్తారు. దాన్ని పెద్దాసుపత్రి దాకా తీసుకెళ్లాలంటే ఓపిక కావాలి. ఓపికున్నవాళ్ల కోసమే ఈ సలహాలు.

1. చామనచాయ ఉందిగా, నిశ్చింతగా ఉండండి. ఇది తెల్లవాళ్ల జబ్బు. చొక్కా తొడుక్కోండి, క్రీము రాసుకోండి, టోపీ పెట్టుకోండి అని ఆస్ట్రేలియావాళ్లు 1981లోనే పాట కట్టి ప్రచారం మొదలుపెట్టారు, పాపం. మన ఒంటి రంగు ఎండను కొంత ఆపే మాట నిజమే. అరికాల్లో, అరచేతిలో, గోటి కింద వచ్చే మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు ఎండతో పెద్దగా పని లేదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పకండి. గాయకుడు బాబ్ మార్లీకి కాలిగోటి కింద వచ్చింది అదే. ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బనుకున్నారు. 1977లో అసలు సంగతి తేలింది. వేలు తీసెయ్యాలంటే ఆయన ఒప్పుకోలేదు. 1981లో 36 ఏళ్లకే పోయాడు.

2. అరికాల్లో మచ్చ కనిపిస్తే పుట్టుమచ్చల శాస్త్రం తిరగెయ్యండి. విదేశీయానం రాసిపెట్టి ఉంటుంది. యాభై దాటాక కొత్తగా పుట్టినా, ఓ పక్క నలుపు, ఓ పక్క గోధుమరంగు ఉన్నా, అంచులు వంకరపోయినా, 6 మిల్లీమీటర్లు దాటినా యోగం బలపడుతోందని లెక్క. రక్తం కారితే పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టండి.

3. లంగా బొందు బిగించి, ఏళ్ల తరబడి అదే చోట కట్టండి. ముందు నడుం చుట్టూ గాడి పడుతుంది. తర్వాత చర్మం రంగు మారి పొట్టు రేగుతుంది, దురద పెడుతుంది, చివరికి పుండవుతుంది. అప్పుడు కూడా ముడి వదులు చెయ్యకండి, బొందు బదులు వెడల్పాటి పట్టీ కుట్టించుకోకండి. చీర జారిపోతే పరువు దక్కుతుందా! మహారాష్ట్ర, బిహార్ డాక్టర్లు ఇలాంటి పుండు క్యాన్సరైన ఇద్దరు పెద్దవయసు ఆడవాళ్ల గురించి 2024లో ఒక వైద్య పత్రికలో రాశారు. ఒకామె పుండు ఏడాదిన్నరగా, ఇంకొకామెది రెండేళ్లుగా మానలేదు. ఓపికంటే వాళ్లది. పంచె బిగించి కట్టే మగవాళ్లూ నిరాశపడనక్కర్లేదు.

4. చిన్నప్పుడు వేణ్నీళ్లు పడో, స్టవ్ అంటుకునో కాలిన మచ్చ ఇరవై ముప్పై ఏళ్లకు పగిలి పుండు పడితే పట్టించుకోకండి. పాత మచ్చకు కొత్త జబ్బేమిటి?

5. పుట్టుకతోనే ఒంటికి, జుట్టుకు రంగు లేని పిల్లలుంటే ఎండలో పొట్టి చేతుల చొక్కాతోనే ఆడనివ్వండి. టోపీ పెడితే నలుగురూ నవ్వుతారు.

6. సొంత వైద్యాన్ని నమ్ముకోండి. సున్నం, బట్టల సోడా కలిపి మచ్చ మీద పెట్టండి. కాలింది మచ్చో, తోలో తర్వాత చూసుకోవచ్చు. మందుల షాపు కుర్రాణ్ణి అడిగితే గజ్జికీ, తామరకీ, పుండుకీ ఒకే ట్యూబు ఇస్తాడు. అది అయిపోతే ఇంకోటి.

7. డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపుదామంటే వెంటనే లేచి వచ్చెయ్యండి. "కత్తి తగిలితే పాకుతుందిరా" అని పెదనాన్న ఎప్పుడో చెప్పాడు కదా. కత్తి తగలకుండా ఆర్నెల్లు ఆగితే పాకే పని అదే చూసుకుంటుంది.

ఇంత ఓపిక లేనివాళ్లు చెయ్యాల్సింది కొంచెమే. నెలకోసారి అద్దం ముందు వీపు, నడుము, అరికాళ్లు, కాలివేళ్ల సందులు, గోళ్లు చూసుకోండి. మూడు నాలుగు వారాలైనా మానని పుండు, మారుతున్న మచ్చ, గోటి కింద కొత్తగా వచ్చిన నల్లగీత, ఏది కనిపించినా చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. ముక్క పరీక్ష వల్ల క్యాన్సర్ పాకదు. ఆలస్యం వల్ల పాకుతుంది.