ముసాయిదా మాత్రమే

మాస్టర్ ప్లాన్ తయారీలో ప్రజాభాగస్వామ్యం చట్టం తప్పనిసరి చేసిన ఘట్టం. పట్టణంలో ఏ నేల ఇళ్లకు, ఏది దుకాణాలకు, ఏది ఫ్యాక్టరీలకు, ఏది పంటలకు అన్నది ముందుగా కన్సల్టెంట్లు తేలుస్తారు. వంద అడుగుల రోడ్డు ఎవరి చేను మీదుగా పోవాలో కూడా వాళ్లే గీస్తారు. అంతా అయ్యాక పత్రికలో ప్రకటన వస్తుంది: అభ్యంతరాలు, సూచనలు ఉన్నవారు ఫలానా తేదీలోగా రాతపూర్వకంగా అందజేయగలరు. పెళ్లి భోజనాలు కూడా అయ్యాక సంబంధం నచ్చిందా అని అడగడం లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ జవాబు చెప్పినవాళ్లకు రశీదు ఇస్తారు.

ప్రకటన సాధారణంగా టెండరు నోటీసుల పక్కన, కళ్లద్దాలు ఉన్నవాళ్లూ తడుముకునే అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చూసి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లినవారికి గోడ మీద మ్యాపు దర్శనమిస్తుంది. పసుపు నివాసాలకు, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకు, ఆకుపచ్చ సాగుకు. రంగుల వివరణ చాలాచోట్ల ఇంగ్లిషులోనే ఉంటుంది. రైతు చేతిలోని పాస్ పుస్తకంలో సర్వే నంబరు ఉంటుంది కానీ, గోడ మీది మ్యాపులో ఆ నంబరు దొరకడం గగనం. అతడు చెరువు దగ్గర వేలు పెట్టి, కాలువ వెంట నడిపించి, గుడి దాటించి, ఇక్కడే ఎక్కడో ఉండాలి మన మూడెకరాలు అనుకునేసరికి వేలు ఊదా రంగులో ఉంటుంది. రియల్ ఎస్టేట్ వాళ్లకు ఈ ఇబ్బంది లేదు. మ్యాపు గోడకెక్కకముందే ఏ రంగు ఎటు పడుతుందో ఎకరం ధర చెప్పేస్తుంది.

ఇక వచ్చిన కాగితాలను వినే తంతు. ఢిల్లీ మాస్టర్ ప్లాన్-2041 ముసాయిదాను 2021 జూన్‌లో, కరోనా రెండో దెబ్బ నుంచి నగరం ఇంకా తేరుకోకముందే, జనం ముందు పెట్టారు. మొదట 45 రోజులన్న గడువును తర్వాత 75 రోజులు చేశారు. 33 వేలకు పైగా అభ్యంతరాలు, సూచనలు వచ్చాయి. విచారణ మండలి 14 సమావేశాల్లో వాటి పని పూర్తిచేసింది. అంటే సమావేశానికి 2,300 పైచిలుకు. ఇంత చురుగ్గా వినే చెవులు దేశంలో మరే కార్యాలయానికైనా ఉన్నాయా అన్నది అనుమానమే. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 2023 ఫిబ్రవరిలో ప్లానును ఆమోదించి కేంద్రానికి పంపింది. 2024 గడిచిపోయినా తుది నోటిఫికేషన్ రాలేదు. తొందరంతా జనం మాట వినేచోటనే అన్నమాట.

హైదరాబాద్ మహానగర ప్రాంతానికి 2031 దాకా వర్తించే ప్లాను 2013 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఆనాటి నుంచీ ముక్కలు ముక్కలుగా మారుతూనే ఉంది. ఫలానా గ్రామంలోని ఫలానా సర్వే నంబర్లలో ఇన్ని ఎకరాల ఇన్ని గుంటలను కన్జర్వేషన్ జోన్ నుంచి రెసిడెన్షియల్ జోన్‌కు మార్చదలిచామని, అభ్యంతరాలుంటే తెలపాలని ప్రకటన వెలువడుతుంది. ఆ నేల పక్కనున్న చెరువు నీటిని వాడుకునే దిగువ ఊరివాళ్లు ఆ ప్రకటనను ఎక్కడ చూడాలో, చూసినా ఆ నంబర్లు ఎవరివో ఎలా పోల్చుకోవాలో ఎవరూ చెప్పరు. గడువులోగా ఎవరూ రాయకపోతే అభ్యంతరాలు లేవని ఫైలులో నమోదవుతుంది. మౌనం అర్ధాంగీకారమని లోకం అంటుంది, ఆఫీసు పూర్తి అంగీకారంగా రాసుకుంటుంది.

జనానికి ఇలాంటి విషయాలు పట్టవనే వాదన ఒకటుంది. అది నిజం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2020 ఆగస్టు చివర్లో అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే, అక్టోబరు ఆఖరుకల్లా 25 లక్షలకు పైగా వచ్చాయి, అదీ ప్లాటుకు వెయ్యి రూపాయల ఫీజు కట్టి. ప్లాను గీసేటప్పుడు కనిపించని జనం, ప్లానును దాటిపోయాక ఇంత పెద్ద క్యూ కట్టారు. ఏ కాగితానికి ఫలితం ఉంటుందో వాళ్లకు బాగానే తెలుసు.

ఈ వ్యవస్థ మొత్తాన్ని నిలబెట్టేది ఒక్క మాట: ఇది ముసాయిదా మాత్రమే. కామారెడ్డిలో 2022 చివర్లో వచ్చిన మాస్టర్ ప్లాన్ ముసాయిదా అడ్లూర్, ఇల్చిపూర్, టేక్రియాల్ వైపు పంట భూములను పారిశ్రామిక జోన్‌లో చూపింది. 2023 జనవరి మొదటి వారంలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. భూమి పోతుందన్న బెంగతోనేనని తోటి రైతులు అన్నారు. అప్పటికి అభ్యంతరాల గడువు ఇంకా ముగియలేదు. వేలమంది కలెక్టరేట్ ముందు బైఠాయిస్తే, అధికారుల నుంచి మంత్రి దాకా అదే మాట చెప్పారు. బ్యాంకువాడు, భూమి కొనేవాడు, పిల్లనిచ్చేవాడు తుది నోటిఫికేషన్ దాకా ఆగరన్న సంగతి రైతుకు తెలుసు. మ్యాపులో ఊదా రంగు పడిన రోజే అతడి భూమి విలువా, నిద్రా మారిపోతాయి.

బంద్, ముట్టడి, అరెస్టులు, హైకోర్టులో పిటిషన్ అన్నీ అయ్యాక, అదే నెలలో కామారెడ్డి మున్సిపల్ కౌన్సిల్ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జగిత్యాల కౌన్సిల్ కూడా రైతుల ఆందోళన తర్వాత అదే బాట పట్టింది. రెండు పట్టణాల్లోనూ ముసాయిదాను ఆపింది రోడ్డెక్కిన జనమే, రశీదు ఇచ్చిన కౌంటరు కాదు.