మీ ప్రేమకో దండం!

లినక్స్ ఒక క్యాన్సర్ అన్నాడు స్టీవ్ బామర్. 2001లో. అప్పుడాయన మైక్రోసాఫ్ట్ సీఈఓ; లినక్స్ ఆయన విండోస్‌కు పోటీగా ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. 2014లో అదే కుర్చీ ఎక్కిన సత్య నాదెళ్ల, మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలు పూర్వ విద్యార్థి, మైక్రోసాఫ్ట్‌కు లినక్స్ అంటే ప్రేమ అని తెర మీద గుండె బొమ్మ వేసి మరీ చూపించాడు. ఈ పదమూడేళ్లలో ఏం జరిగింది? క్యాన్సర్ నయమైందా? అబ్బే. క్లౌడ్ వ్యాపారం వచ్చింది. అద్దెకిచ్చిన సర్వర్ల మీద జనం నడుపుకునేది లినక్సేనని తేలింది. గంటకింత బాడుగ రాలుతుంటే జబ్బయినా ముద్దొస్తుంది. 2018లో ప్రేమ ఇంకాస్త ముదిరింది. లినక్స్ లాగే కోడును అందరికీ తెరిచి పెట్టే ఓపెన్ సోర్స్ జనాభాలో పెద్ద భాగం కాపురముండే గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనేశారు.

లినక్స్ మొదలుపెట్టిన 1991లో లైనస్ టోర్వాల్డ్స్ వయసు 21. హెల్సింకీలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థి. నాదీ అదే చదువు, ఇంచుమించు అదే వయసు. అందుకే కంపెనీల వాళ్లు మా కాలేజీకొచ్చి ఓపెన్ సోర్స్ గురించి మాట్లాడుతుంటే ముందు వరసలో కూర్చుంటాను. టీషర్టు ఇస్తారు. ల్యాప్‌టాప్ మీద అంటించుకోమని స్టిక్కర్లిస్తారు. కమ్యూనిటీకి తిరిగివ్వాలి అని గంటసేపు ఊదరగొడతారు. మరి మీరెంత ఇచ్చారు సార్ అని అడిగామా, గ్రూప్ ఫొటోకి టైమైపోయిందంటారు.

ఎంతిచ్చారో మనమే చూద్దాం పదండి.

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. బ్రౌజర్లో తాళం బొమ్మ చూసి ధైర్యంగా పాస్‌వర్డ్ కొడతారు కదా, ఆ తాళం వెనక చాలా సర్వర్లలో పనిచేసేది ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. లోపం అందులో. బ్యాంకులు వాడాయి, మహా మహా కంపెనీలు వాడాయి. దాని మీద పూర్తికాలం పనిచేస్తున్నది మాత్రం ఒక్కడంటే ఒక్కడు. ఏడాదికొచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. అప్పటి మారకంలో లక్షా ఇరవై వేల రూపాయలు. ఇక్కడ మేనేజ్‌మెంట్ కోటా సీటుకు ఒక ఏడాది ఫీజు కూడా రాదు. ప్రపంచం తాళంచెవి ఆ డబ్బుతో నడిచింది! కొంప అంటుకున్నాక మాత్రం చెక్కుబుక్కులు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

కంపెనీలన్నీ ఓపెన్ సోర్స్ లేకుండా అదంతా సొంతంగా రాయించుకోవాలంటే 8.8 లక్షల కోట్ల డాలర్లవుతుందని 2024లో హార్వర్డ్ బిజినెస్ స్కూలు పరిశోధకులు లెక్కగట్టారు. కోడు రాసేవాళ్ల గొడవ మాకెందుకంటారా? మీ ఆండ్రాయిడ్ ఫోన్లో ‘స్త్రీ’ అనే మాట ముక్కలు కాకుండా, వత్తులు వాటి చోట అవి కూర్చుని కనిపిస్తోందా? ఆ కూర్పు పని చేసేది హార్ఫ్‌బజ్. ఓపెన్ సోర్స్. 2018 ఫిబ్రవరిలో యాపిల్ వారి లక్ష రూపాయల ఫోన్లకు మన ‘జ్ఞా’ను ఒక తీరులో టైపు చేసి పంపితే యాప్‌లు కుప్పకూలాయి. ఆ కోడును మనం తెరిచి చూడగలమా? వాళ్లు అప్‌డేట్ దయచేసేదాకా నోరు మూసుకుని కూర్చున్నాం. అక్షరం మనది, తాళం వాళ్లది.

2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జేలోని భద్రతా లోపం పేలింది. జావా ప్రోగ్రాముల్లో ఎప్పుడేం జరిగిందో చిట్టా రాసిపెట్టే చిన్న సరుకు అది. దాని బాగోగులు చూసేది గుప్పెడు మంది వాలంటీర్లు. పగలు ఉద్యోగం, రాత్రి ఈ వెట్టి. 2022 జనవరికల్లా వైట్‌హౌస్‌లో మీటింగు పెట్టే దాకా వెళ్లింది వ్యవహారం. సరిగ్గా ఆ నెలలోనే స్వీడన్లో డేనియల్ స్టెన్‌బర్గ్ అనే ప్రోగ్రామర్‌కు ఒక ఈమెయిల్ వచ్చింది. అది చదివి తీరాల్సిన సాహిత్యం.

ముందు ఆయనెవరో చెప్పాలి. కర్ల్ కర్త. నెట్‌లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి డేటా మోసుకొచ్చే ప్రోగ్రాం. మీ ఫోన్లో ఉంది, టీవీలో ఉంది, కారులో ఉంది. 2021లో అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యూటీ హెలికాప్టర్ ప్రయోగంలోనూ దాన్ని వాడారు. ఆయన్ను మాత్రం 2017లో అమెరికా విమానం ఎక్కనివ్వలేదు, ప్రయాణానికి అనుమతి లేదని. కోడుకు అంగారకుడి దాకా దారి ఉంది. రాసినవాడు ఎయిర్‌పోర్ట్ కౌంటరు దాటలేకపోయాడు. మనవాళ్లకు వీసా కష్టాలు కొత్త కాదు గనక ఇక్కడ ఆగను.

ఈమెయిల్ పంపింది ఫార్చ్యూన్ 500 జాబితాలోని ఒక భారీ కంపెనీ. సారాంశం ఇదీ: మీ ఉత్పత్తిలో లాగ్‌ఫోర్‌జే వాడారా? మా డేటాకు ముప్పుందా? ఎప్పటికి సరిచేస్తారు? 24 గంటల్లో సమాధానం కావాలి. కర్ల్ సీ భాషలో రాసింది. లాగ్‌ఫోర్‌జే జావాది. రెంటికీ దూరపు చుట్టరికం కూడా లేదు. సపోర్ట్ కాంట్రాక్టు చేసుకుంటే అన్నింటికీ సంతోషంగా జవాబిస్తానన్నాడాయన. మళ్లీ మెయిల్ వచ్చింది. ‘హాయ్ డేవిడ్’ అని మొదలు. మేం మీ కస్టమర్లం కాదంటారా అని ప్రశ్న. డేనియల్ గారు కూడా తక్కువ తినలేదు. బైబిల్లో డేవిడ్ పడగొట్టిన మహాకాయుడిని గుర్తుచేస్తూ ‘హాయ్ గోలియత్’ అని మొదలుపెట్టి, కాదు బాబూ, మన మధ్య ఏ ఒప్పందమూ లేదని రాశాడు.

పైసా ఇచ్చింది లేదు. పేరైనా తెలీదు. గడువు మాత్రం 24 గంటలు!

గుళ్లో అన్నదానం పంక్తిలో కూర్చుని, పప్పులో ఉప్పు తక్కువైంది మేనేజర్ని పిలవండని కేకలేసే పెద్దమనిషిని ఎప్పుడైనా చూశారా? వీళ్లు ఆయన కంటే రెండాకులు ఎక్కువే చదివారు. అదే పప్పు గేటు బయట పార్సిల్ కట్టి అమ్ముకుంటూ కేకలేస్తారు. 2024లో మైక్రోసాఫ్ట్ టీమ్స్ వాళ్లు ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాలంటీర్ల దగ్గరికొచ్చి మా సమస్య అత్యవసరం అన్నారు. ప్రపంచంలో వీడియో అనేది ఎక్కడ ఆడినా దాని వెనక ఉండేది దాదాపు వీళ్ల కోడే. ఏటేటా నడిచే సపోర్ట్ ఒప్పందం చేసుకుందామని వాళ్లంటే, ఒకసారికి కొన్ని వేల డాలర్లిస్తామన్నారట. ఈ సంగతి ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాళ్లే బయటపెట్టారు. లక్షల కోట్ల డాలర్ల కంపెనీ బేరం చూశారా? రైతుబజార్లో కొత్తిమీర కట్ట దగ్గర కూడా ఇంత గీసి గీసి బేరమాడరు.

నవ్వొస్తోందా? అయితే దీనికి నవ్వండి. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే ప్రోగ్రాం ఒకటుంది. లినక్స్ సర్వర్లలో అంతటా ఉంటుంది. ఫిన్లాండ్‌కు చెందిన లాసె కొలిన్ దాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒంటిచేత్తో, జీతం లేకుండా నడిపాడు. 2022లో ముక్కూమొహం తెలియని కొందరు మెయిళ్లలో అతన్ని పీడించడం మొదలెట్టారు. అప్‌డేట్లు ఏవి? చేతకాకపోతే ఇంకొకరికి అప్పజెప్పు! నా మానసిక ఆరోగ్యం చాన్నాళ్లుగా బాగోలేదు, ఇది జీతం లేకుండా ఇష్టంతో చేసే పని అని బహిరంగంగా చెప్పుకున్నాడు పాపం. దాని మీద కోట్లు గడిస్తున్న ఏ ఒక్క కంపెనీ అయినా నేనున్నానంటూ వచ్చిందా? జియా టాన్ అనే పేరుతో అప్పటికే పక్కన చేరిన ఒకడు ముందుకొచ్చాడు. చక్కగా సాయం చేశాడు. రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించాడు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చిన వెర్షన్లలో గుట్టుగా దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ వేరే పనిలో ఉండి, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వకపోతే సగం ప్రపంచపు సర్వర్లకు మారుతాళం తయారయ్యేది. ఆ ఇంజినీర్ మైక్రోసాఫ్ట్ ఉద్యోగే, అది ఒప్పుకోవాలి. కానీ అతను వెతుకుతున్నది దొంగను కాదు, డేటాబేస్ వేగాన్ని పరీక్షించుకుంటున్నాడు. అలసిపోయిన మనిషికి చేయందించడానికి ఈ భూమ్మీద వచ్చింది ఒక్కడే. వాడు దొంగ.

ఇక కృత్రిమ మేధ మహాశయుల సంగతి. 1976లో యువ బిల్ గేట్స్ కంప్యూటర్ ఔత్సాహికులకు ఓ బహిరంగ లేఖ రాశాడు. మా బేసిక్ ప్రోగ్రాంను కాపీలు కొట్టుకుంటున్నారు, ఇది దొంగతనం, నిపుణుల పనిని ఎవరైనా ఉచితంగా ఎందుకు చేస్తారు అని నిలదీశాడు. మంచి ప్రశ్న. 2021లో ఆయన పెట్టిన మైక్రోసాఫ్ట్ చేతిలోని గిట్‌హబ్, జనం పెట్టుకున్న కోడును మేపి, కోడు రాసిపెట్టే కోపైలట్‌ను తయారుచేసి, మరుసటి ఏడాది నెలకింత చందాకు అమ్మకానికి పెట్టింది. రాసినవాళ్ల పేరు చెప్పాలి, లైసెన్సు వెంట ఉంచాలి అన్న షరతులేమైనట్టు? 2022లో కొందరు ప్రోగ్రామర్లు కోర్టుకెక్కారు. పిల్లలు ప్రోగ్రాం కాపీ కొడితే దొంగతనం, కంపెనీ గిడ్డంగి మొత్తం ఊడ్చుకుపోతే ఆవిష్కరణ!

ఆ యంత్రాలు తిరిగి ఇచ్చిందేమిటి? చెత్త. ఉన్నదో లేదో తెలియని లోపాలను ఏఐతో వండించి, లోపం పట్టిస్తే ఇచ్చే బహుమతి డబ్బుకు ఆశపడి కర్ల్ మీద కుమ్మరించారు. 2025 అంతా మొత్తుకుని, 2026 జనవరితో ఆ బహుమతి పథకాన్నే ఎత్తేశాడు డేనియల్.

మెటా వాళ్లది ఇంకో తమాషా. తమ ఏఐ మోడల్ లామా ఓపెన్ సోర్స్ అని ఊరంతా చాటింపు. లైసెన్సు విప్పి చూస్తే నెలకు 70 కోట్ల మందికి మించి వాడేవాళ్లున్న కంపెనీ విడిగా అనుమతి అడుక్కోవాలి. దేనితో శిక్షణ ఇచ్చారో చూపించరు. దీన్ని ఓపెన్ సోర్స్ అనరు బాబూ అని ఆ నిర్వచనాన్ని కాపాడే ఓఎస్ఐ సంస్థ చెప్పినా చెవికెక్కలేదు. ఇంకొన్ని కంపెనీలు మరీ తెలివైనవి. మొదట తలుపులు బార్లా తెరుస్తారు. ప్రపంచంలోని కుర్రాళ్లంతా వచ్చి కోడు రాసిపెడతారు. పేరు వస్తుంది, పెట్టుబడి వస్తుంది. అప్పుడు లైసెన్సు తూచ్! మోంగోడీబీ 2018లో, ఎలాస్టిక్ 2021లో, హాషికార్ప్ 2023లో, రెడిస్ 2024లో. అమెజాన్ మా కోడుతో బతికేస్తోందని వాళ్లలో కొందరి ఏడుపు. నిజమే కావచ్చు. మరి మీరు ఎవరి కోడుతో బతికారు? హాషికార్ప్‌ను 640 కోట్ల డాలర్లకు ఐబీఎం కొనుక్కుంది. అందులో బగ్గులు సరిచేసిన కుర్రాడికి ఎంత ముట్టింది? ‘థాంక్యూ’ కూడా రోబోతోనే చెప్పించి ఉంటారు.

కంపెనీలనే తిడితే ఎలా, మా ఇంటి బాగోతం కూడా చెప్పాలిగా. మా ల్యాబుకు రండి. గోడ మీద పైరసీ నేరం అని పోస్టరు. దాని కింద అరవై కంప్యూటర్లు. ప్రతి తెర కుడి మూలన ‘యాక్టివేట్ విండోస్’ అని మసక అక్షరాలు. డాస్‌బాక్స్ తెరిస్తే నీలి తెర, టర్బో సీ. నేను పుట్టకముందే, 1990ల మొదట్లో బోర్లాండ్ కంపెనీ అమ్మిన సరుకు. వాయిడ్ మెయిన్, కోనియో డాట్ హెచ్, మొదటి లైన్లోనే క్లియర్ స్క్రీన్. జీసీసీ అనే సీ కంపైలర్ 1987 నుంచీ ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతోంది. అది వాడతాం మేడమ్ అంటే, పరీక్షకొచ్చే ఎక్స్‌టర్నల్ ఒప్పుకోరు అంటారు. పైగా ఆ ప్రోగ్రామంతా రికార్డులో పెన్నుతో రాయాలి. కుడి పేజీలో కోడు, ఎడమ తెల్ల పేజీలో అవుట్‌పుట్. అవుట్‌పుట్ కూడా చేత్తోనే! ప్రోగ్రాం నడవకపోయినా ఫరవాలేదు, అండర్‌లైన్ స్కేలుతో గీయకపోతే సంతకం పడదు. ఇదీ ఓపెన్ సోర్స్ సైనికుల శిక్షణ శిబిరం.

ఇలా తయారైన మేం ఊరుకుంటామా? రెజ్యూమేలో ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్ అని రాసుకోవాలి కదా. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్ పండగైన హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, ఒక టీషర్టు కోసం ప్రపంచంలోని ప్రాజెక్టులన్నింట్లో పరిచయం రాసుండే రీడ్‌మీ ఫైలుకు ‘అద్భుతమైన ప్రాజెక్ట్’ అని తోకలు తగిలించారు జనం. నిర్వాహకులు నెల మొదట్లోనే రూలు మార్చుకోవాల్సొచ్చింది. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టుకు మన దేశపు విద్యార్థులు ఒక వీడియో పాఠం చూసి, రీడ్‌మీలో తమ పేర్లు చేర్చమని వందలకొద్దీ అర్జీలు పెట్టారు. చార్మినార్ గోడ మీద పేరు చెక్కినవాడు శిల్పి అయితే మేమూ కాంట్రిబ్యూటర్లమే.

సర్కారు వారి మాట క్లుప్తంగా. ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్సుకే ప్రాధాన్యం, వాడకపోతే ఎందుకో కారణం రాయాలి అని 2015లో కేంద్రం విధానం ప్రకటించింది. మీ మండల ఆఫీసుకెళ్లి ఆ కారణం రాసిన కాగితం చూపించమనండి. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన దగ్గర ‘స్వేచ్ఛ’ సంస్థ కుర్రాళ్లు తెలుగులో ఆపరేటింగ్ సిస్టమే తెచ్చిచ్చారు. ఏ ఆఫీసు, ఏ బడి కళ్లకద్దుకుంది? 2024లో జెరోధా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఏటా 10 లక్షల డాలర్లు ఇస్తామని నిధి పెట్టింది. షేర్ల బ్రోకరుకు తోచిన సంగతి, సాఫ్ట్‌వేరే తిండి పెడుతున్న మన ఐటీ దిగ్గజాలకు తోచడానికి ఇంకెన్నేళ్లు?

వచ్చే నెల మాకు ప్లేస్‌మెంట్లు. ఒక కంపెనీ ప్రకటన గోడకెక్కింది. ఓపెన్ సోర్స్ అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యమట. నిరుడు అందులో చేరిన సీనియర్ అన్న ఆఫర్ లెటర్ చూపించాడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆఫీసులో రాసినా, ఇంట్లో రాసినా, అర్ధరాత్రి రాసినా ఆ కోడంతా కంపెనీ ఆస్తి. బయటి ప్రాజెక్టుకు ఒక్క లైను పంపాలన్నా లీగల్ విభాగం రాతపూర్వక అనుమతి కావాలి. అన్న ఆర్నెల్ల కిందట అర్జీ పెట్టాడు. ఏమైందన్నా అంటే, ఆ ఫారం ఏ మేనేజర్ దగ్గరుందో కనుక్కోవడానికి ఇంకో టికెట్ పెట్టమన్నారట.