కొసరుకీ సుంకమే

మా బావమరిదికి పన్నెండేళ్ల నాటి జర్మన్ కారు ఉంది. ఉంది అంటే ఇంటి ముందు ఉంది. గేర్‌బాక్సు పోయింది. కొత్తదానికి షోరూమ్‌వాళ్లు చెప్పిన రేటు కారు అమ్మినా రాదు. షార్జాలో పాత స్పేర్ పార్టుల బజారు పెద్దదని, అక్కడ మనవాళ్లకు కొదవలేదని గుర్తొచ్చింది వాడికి. ముప్ఫై వేలకు బేరం తెగింది. పైగా హెడ్‌లైట్ల జత కొసరు. "ఏంటి బావా, ఈ షోరూమ్‌వాళ్ల దోపిడీ!" అన్నాడు. విదేశాల నుంచి పాత సామాను తెప్పించేవాడు సుఖంగా నిద్రపోయేది ఆ ఒక్క రాత్రే.

తెల్లారితే లెక్కలు. సుంకం సరుకు ఒక్కదానిమీదే వెయ్యరు, రవాణా, బీమా కూడా కలుపుతారు. రవాణా ఎంతయిందో తేలకపోతే సరుకు ధరలో 20 శాతం అనుకుంటారు. బీమా తేలకపోతే 1.125 శాతం. ఆ చివరి 5 కోసం ఏ మహానుభావుడు ఎన్ని రాత్రులు మేల్కొన్నాడో! అలా మన ముప్ఫై వేలు 36,337 రూపాయల 50 పైసలైంది. దానిమీద మూల సుంకం 15 శాతం వేసుకోండి. ఆ సుంకంమీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి. 2018కి ముందు ఇక్కడ విద్యా సెస్సు ఉండేది. అప్పట్లో మనం గేర్‌బాక్సు కొంటే పిల్లలు చదువుకునేవారు, ఇప్పుడు సమాజం మొత్తం బాగుపడుతోంది. ఇన్నీ కూడి, ఆ మొత్తంమీద ఐజీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 28 కాదు, 18 శాతమే. ఆ తగ్గింపు పండగ చేసుకున్నాక కూడా కట్టాల్సింది 13,600 పైచిలుకు.

ఇంతవరకూ నయమే. "సార్, సరుకు పాతదా, కొత్తదా?" అనడిగాడు కస్టమ్స్ ఏజెంటు.

ప్రాణం మీదికొచ్చే ప్రశ్న ఇది. పాతదంటే నియంత్రిత సరుకు, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) అనుమతి ముందే చేతిలో ఉండాలి. కొత్తదంటే అబద్ధం, పైగా ముప్ఫై వేలకు కొత్త గేర్‌బాక్సు ఏ దేశంలో ఇస్తారని బిల్లు నమ్మరు. అనుమతి లేకుండా దిగిన సరుకును జప్తు చెయ్యొచ్చు. అయితే 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 125వ సెక్షన్ అనే దయామయి ఉంది. ఆవిడ కరుణిస్తే జరిమానా కట్టి మన గేర్‌బాక్సును మనమే మళ్లీ కొనుక్కోవచ్చు. సుంకం మామూలే. ఈలోగా పాతదానికి విలువ కట్టడానికి చార్టర్డ్ ఇంజనీరు సర్టిఫికెట్టు కావాలి, దానికి ఫీజు. కాగితాలు తిరిగినన్నాళ్లూ పెట్టె రేవులో అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా కూర్చుంటుంది, రోజువారీ డెమరేజి మన ఖాతాలో.

కొసరు సంగతి మరిచాను. ఊరికే వచ్చిందానికి సుంకమేమిటని వాదించాడు మావాడు. ఊరికే వచ్చినా విలువంటూ ఉంటుందిగా, కట్టారు. తీరా ఆ లైట్లు కుడివైపు నడిచే దేశానివి. వాటి వెలుగు కుడిపక్కకు ఎగదన్నుతుంది. మన రోడ్డుమీద సరిగ్గా ఎదురొచ్చేవాడి కళ్లలోకి.

ఆటోనగర్ మెకానిక్ వాటిని అటూ ఇటూ తిప్పిచూసి, "బిగించేయమంటారా? బెజవాడలో ఎవడు డిమ్ కొడుతున్నాడు గనక!" అన్నాడు.