దిగ్భ్రాంతికి వయోపరిమితి లేదు

96 ఏళ్ల పెద్దాయన నిద్రలోనే పోయినా మన నాయకులు ‘తీవ్ర దిగ్భ్రాంతి’ వ్యక్తం చేస్తారు. ప్రకటనలో పేరు మారుతుంది, ‘తీరని లోటు’ మారదు.

మాటల వాడకం సంగతి మరీ ఘోరం. నివాళి పోయినవారికి అర్పించేది, సానుభూతి ఉన్నవారికి తెలిపేది. ‘మృతుడికి సానుభూతి తెలిపి, కుటుంబసభ్యులకు నివాళులర్పించారు’ అని రాసేస్తే, నిక్షేపంలా ఉన్న ఇంటిల్లిపాదీ దండేసిన ఫొటోలైపోతారు. పాత తెలుగులో నివాళించడమంటే హారతి పట్టడం. దేవుడికీ, పెళ్లికొడుక్కీ జరిగే ముచ్చట అది. ఇప్పుడు బతికున్నవాడికి ఆ మాట వాడితే తన్నులే!

పరామర్శ ఒక్కటే రెండు చోట్లా చెల్లుతుంది, ఆసుపత్రిలో రోగి దగ్గరా, చావింట్లో బంధువుల దగ్గరా.

పోవడంలోనూ తేడాలున్నాయి. వీరశైవులు శివైక్యం చెందుతారు, వైష్ణవులు పరమపదిస్తారు, క్రైస్తవులు ప్రభువునందు నిద్రిస్తారు. నిలువు నామాల ఫొటో కింద ‘శివైక్యం’ అని ఫ్లెక్సీ కొట్టించిన అభిమాని, వైకుంఠానికి బయల్దేరిన ఆచార్యులవారిని కైలాసానికి మళ్లించేస్తాడు.

అన్నిటినీ మించింది కరపత్రం. ‘సంతాప సభకు అధిక సంఖ్యలో తరలివచ్చి జయప్రదం చేయగలరు.’ జయం ఎవరి మీదో మాత్రం అచ్చువేయరు.